కోకో తోట పక్క పంటకాలవ

కోకో కాయని కత్తితో కొట్టకూడదు. లోపల గింజ తెగితే కంపెనీవాళ్ళు తీసుకోరు. కర్రతో నడుం మీద ఒక్క దెబ్బ వేస్తే కాయ రెండుగా విచ్చుకుంటుంది. ఇది నాకు నేర్పింది మా ఆయన దొరబాబు. "మెల్లిగా కొట్టవే, లోపలున్నది బంగారం" అనేవాడు. నన్ను కొట్టేటప్పుడు ఆయనకి అంత జాగ్రత్త ఎప్పుడూ లేదు.

ద్రాక్షారామం అవతల మాకు నాలుగెకరాల కొబ్బరితోట. ఎనభై మూడులో కంపెనీ ఆఫీసరొకాయన జీపులో వచ్చి, చెట్ల మధ్య ఖాళీలో కోకో వేయమన్నాడు. పట్నంలో పిల్లలు తినే చాక్లెట్టు దీంతోనే చేస్తారని చెప్పి, వెండికాగితం చుట్టిన బిళ్ళొకటి అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ సగం, మా ఆయన సగం తిని కాగితం నాకిచ్చి పారేయమన్నారు. నేను వాసన చూసి పారేశాను.

కోకో మొక్కల కోసం తోటలో నేను పెంచుకున్న అరటీ, కందా, పసుపూ మా ఆయన పీకించేశాడు. మూడేళ్ళకి కాపు వచ్చింది. కాయలు కొట్టడం, జిగురు గింజల్ని బుట్టల్లో పోసి అరిటాకులు కప్పడం, ఆరు రోజులు పులియబెట్టి ఎండబోయడం, అన్నీ నా పనే. ఆ పులుపు రసానికి నా వేళ్ళ సందులు ఒరిసిపోయేవి. వానల్లో గింజలు ఎండవని, కింద మంట పెట్టడానికి గట్టు మీది నేరేడు చెట్లు నరికించాడు. ఖాళీ డొప్పలు గుట్టలుగా కుళ్ళి ఇంటినిండా దోమలు. అన్నం వార్చడం కాస్త ఆలస్యమైతే, "రోజంతా ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నావే?" అనేది అత్తగారు. కాయలకి మచ్చ వస్తోందనీ పురుగు పడుతోందనీ పది రోజులకోసారి మందు కొట్టేవాడు. మందులోకి కాలవ నీళ్ళు బిందెలతో మోసేదాన్ని నేనే. కొట్టిన రోజు తోటలో ఒక్క పిట్ట కూసేది కాదు.

ఒక ఏడాది శ్రావణంలో మందు కొట్టడం అయ్యాక, అడుగున ఇంకా మందున్న డ్రమ్ముని కాలవ ఒడ్డుకి దొర్లించి వంచి పట్టుకున్నాడు.

"నీళ్ళు తోడి పొయ్యి, కడిగేద్దాం."

"కింద వీరమ్మ బాతులున్నాయండి."

చెంప పగిలేలా కొట్టాడు. తోడి పోశాను. నీళ్ళు తెల్లగా మారి కిందికి పోయాయి.

వీరమ్మ కాలవ గట్టున పాక వేసుకుని రెండొందల బాతుల్ని మేపుకునేది. మొగుడు పోయాక అవే ఆవిడ బతుకు. పొద్దు వాలేలోపే బాతులు మెడలు వంకర్లు తిరిగి, రెక్కలు కొట్టుకుని కొట్టుకుని నీళ్ళ మీద తేలాయి. చుట్టూ పొట్టలు పైకెత్తిన చేపలు. చచ్చిన బాతుని గుండెకి హత్తుకుని వీరమ్మ మా వాకిట్లోకి వచ్చింది.

"కాలవలో ఏం కలిపారు బాబూ? ఒక్కటీ మిగల్లేదండి!"

"నీ బాతులకి తెగులొస్తే నా ఇంటి మీదకొస్తావేంటే?" అంటూ ఆయన ఆవిడ జుట్టు పట్టుకుని ఈడ్చాడు. నా చేతిలోంచి కాయలు కొట్టే కర్ర లాక్కున్నాడు. ఆవిడ వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది తలకి గురిపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా ముంజేతిలో ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది.

రాజమండ్రి ఆస్పత్రిలో "గట్టు మీద జారిపడ్డానని చెప్పు" అన్నాడు. అలాగే చెప్పాను. పిండికట్టుతో ఇంటికొస్తే, "సరిగ్గా కాయ దింపే రోజుల్లో చెయ్యి విరగ్గొట్టుకుంది" అని అత్తగారు పొరుగింటావిడతో అంది.

మర్నాడు పెరటి దడి దగ్గరకి వీరమ్మ వచ్చింది. మొహం వాచిపోయి ఉంది. "మీ చెయ్యి అడ్డం పెట్టి నా ప్రాణం కాపాడారు తల్లీ, మీ మేలు మర్చిపోలేను" అని దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం తగిలినంతగా ఆయన తన్నిన తన్నులేవీ నాకు తగల్లేదు. నీళ్ళు తోడింది నేనేనని చెప్పాలని నోరు తెరిచాను. మొహం వాపుకి కాపడం పెట్టుకోమని మాత్రం అన్నాను. ఆయనంటే భయమా, ఈ ఒక్క మనిషి దణ్ణమైనా మిగలాలన్న ఆశా? రెండూ అనుకుంటాను. ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకున్నది ఆవిడ ఒక్కతే మరి.

ఆదివారం పంచాయతీ ప్రెసిడెంటు జీవరాజు గారి అరుగు మీద బాతుల తగువు పెట్టారు. మా ఆయన తెల్లబట్టలు కట్టుకుని నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

"ఆ రోజు మేం మందే కొట్టలేదండి. మా ఆవిణ్ణి అడగండి" అన్నాడు.

"ఏమ్మా రామతులసీ, నిజమేనా?" అన్నారు జీవరాజు గారు.

వీరమ్మ నావైపు నమ్మకంగా చూసింది. నిజం చెప్పాలంటే ఆ నమ్మకాన్ని నా చేతులతో నేనే తుంచేయాలని అర్థమైంది.

"మందు కొట్టారండి. డ్రమ్ము కాలవలో కడిగారు. నీళ్ళు తోడి పోసింది నేను. కింద బాతులున్నాయని తెలిసే పోశాను."

వీరమ్మ మొహం తిప్పుకుంది. మా ఆయన ఎగిరొచ్చి నా డొక్కలో తన్నాడు. అరుగు మీంచి పడ్డాను. నలుగురు మగవాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. మంచి చేత్తో నేల ఆనుకుని నేనే లేచాను.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తాను!"

"రానండి," అన్నాను. జీవరాజు గారి వైపు తిరిగాను. "ఈ చెయ్యి గట్టు మీద జారిపడితే విరిగింది కాదండి. రాసుకోండి, నేను చెప్పేది ఇంకా అవలేదు."