ఒక మూర మల్లెలు

పూలు మానమన్నది తలకు గాని వేళ్లకు కాదేమో, అనుకుంటూ సంతోషి కళ్లు మూసుకునే ఉంది. పొద్దున్నే ప్రార్థనకు మోకరించినప్పుడల్లా ఇంతే. ప్రభువా అని మొదలుపెట్టేసరికి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదిలి, లేని మొగ్గకు లేని దారంతో ముడి వేస్తాయి. తొమ్మిదేళ్లుగా వేస్తూనే ఉన్నాయి.

పూలు అలంకారం, అలంకారం గర్వం, విశ్వాసి ఇంట్లో అవి ఉండకూడదు అన్నారు పాస్టరుగారు. బాప్తిస్మం తీసుకున్న వారమే ఆదోని బస్టాండు ముందున్న పూలగంప వదిలేసి, జిన్నింగు మిల్లులో పత్తిలోని చెత్త ఏరే పనికి చేరింది. బిడ్డ చచ్చిపోయి మాట పడిపోయిన రోజుల్లో ఆమెను మళ్లీ మనిషిని చేసింది ఆ ప్రార్థనే. దేవుడు పూలే అడిగితే ఇవ్వడం ఎంతపని అనుకుంది. ఇచ్చేసింది. మిల్లు దుమ్ము రొమ్ములో దగ్గై కూర్చున్నా, ఆ లెక్క ఎప్పుడూ తిరగదోడలేదు.

మంచంలో తల్లి అంజనమ్మ కదిలింది. సంతోషికి పూలు కట్టడం నేర్పింది ఆమే. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది.

"అమ్మీ, మల్లెలు వచ్చినాయా అంగట్లోకి?"

"వచ్చింటాయి."

"మొగుడు పోయినదాన్ని, తలలో యాడ పెట్టుకుంటాను? దిండు కాడ ఒక మూర పెట్టు. వాసన సూస్తా."

"వద్దన్నారు గదమ్మా."

"మీ దేవునికి ముక్కు లేదేమే?"

సంతోషికి నవ్వొచ్చింది. నవ్వినందుకు లోపలే క్షమాపణ అడిగి, తల్లికి గంజి తాపించి, పక్కింటి షరీఫా బీకి అప్పజెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కింది. పాస్టరుగారి కూతురు దీప పెళ్లి ఈరోజు.

ఫంక్షన్ హాలు గుమ్మంలోనే ఆమె కళ్లకన్నా ముందు ముక్కుకు తెలిసింది. వేదిక నిండా మల్లెలు. దీప జడ పొడవునా మల్లెలు. సంతోషి చూపుతోనే కొలిచింది. పది మూరలకు తక్కువ లేదు. ముడులు వదులు. కట్టినవాళ్లకు పని రాదు.

పాస్టరుగారు చుట్టాలను పలకరిస్తూ ఇటే వచ్చారు.

"అయ్యా, పూలు…"

"ఏం జేస్తాం సంతోషమ్మా, పెండ్లికొడుకోళ్లు హైదరాబాదోళ్లు. అయినా దేవుడు సూసేది మనసును గదా, పూలనా? పో, తినుపో. బిర్యానీ అయిపోతాది."

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే అది అంత లోతుగా దిగింది. ఇంత తేలికైన మాట ఈయన దగ్గర తొమ్మిదేళ్లూ ఉందా? ఉంచుకుని, సొంత బిడ్డ కోసం ఇప్పుడు తీశాడా?

ఆమె తినలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే అడుగుతూ వచ్చింది. పూలు నువ్వే అడిగినావా ప్రభువా, నీ పేరు సెప్పి ఆయన అడిగినాడా? ఒళ్లో వేళ్లు ముడులు వేస్తూనే ఉన్నాయి. ఈసారి ఆమె వాటిని ఆపలేదు.

బస్టాండు ముందు, ఆమె పాత చోట ఇప్పుడు మాదన్న కూర్చుంటాడు.

"ఏమక్కా, దారి తప్పినావా? మీ పాస్టరు సూస్తే నన్ను గూడా నీళ్లల్లో ముంచుతాడు."

"విడిపూలు ఇయ్యప్పా. దారం గూడా."

"కట్టినవి ఉండాయి గదా?"

"నేను కట్టుకుంటాలే."

ఇంటి గడప మీద షరీఫా బీ కూర్చుని ఉంది. సంతోషిని చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

"పన్నెండుకు నీళ్లు తాగి పండుకుంది బేటీ. మల్లా లేయలేదు. ఫోను కొట్టినా, నువ్వు ఎత్తల్యా."

సంతోషి ఏడవలేదు. మంచం పక్కన చతికిలబడి దారం కొసను కాలి బొటనవేలికి చుట్టి కట్టడం మొదలుపెట్టింది. వేళ్లు ఏదీ మరవలేదు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనేనేమో, షరీఫా బీ అడగలేదు.

మూర కొలవడానికి తన చెయ్యి చాచి, ఆగింది. కొలత నేర్పింది ఈ చెయ్యి కాదు. తల్లి చేతిని తన ఒళ్లోకి తీసుకుని, మోచేతి నుంచి నడివేలి కొస దాకా మాలను పరిచింది. నాలుగు మొగ్గలు తక్కువ. ఆ నాలుగూ కట్టి, దారం తెంపి, దిండు పక్కన పెట్టింది.

మరునాడు అంజనమ్మను తీసుకుపోయాక కూడా దిండు మీద తల పెట్టిన గుంట అలాగే ఉంది. దాని పక్కన, రాత్రికి విచ్చుకున్న ఒక మూర మల్లెలు.