వేగిన గుడ్డు

వరహాలమ్మకి చేప మీద మనసు చచ్చిపోయింది గానీ, గుడ్డట్టు మీద మాత్రం చావలేదు. ఆ సంగతి ఇంట్లో కూతురు అనితకి ఒక్కదానికే తెలుసు.

బారువ ఒడ్డున ఇల్లు. మొగుడు ఢిల్లీరావుకి సొంత బోటు. పొద్దున లేస్తే పొయ్యి మీద చేపల పులుసే. అలాంటి ఇంట్లో ఆవిడ పప్పూ చారూ తిని బతుకుతోంది. ఒక ఏడు వాయుగుండంలో బోటు ఇంజిను ఆగిపోయి, ఢిల్లీరావు ఒడిశా వైపు కొట్టుకుపోయాడు. ఎక్కడా జాడ లేదు. వరహాలమ్మ వానలో ఒడ్డున నిలబడి, "గంగమ్మ తల్లీ, మనిషిని తెచ్చియ్యి, ఈ జన్మకి నీసు ముట్టను" అని మొక్కుకుంది. మనిషి తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచీ ఆవిడ చేపలు కడుగుతుంది, కోస్తుంది, పులుసు పెడుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం పక్కనున్న వాళ్ళే చెప్పాలి.

టీ మానేస్తానని సోమవారం చెప్పి మంగళవారం తాగేసే అనితకి, అమ్మ మాట మీద నిలబడ్డ తీరు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ నాన్నకి గుడ్డట్టు వేసేటప్పుడు అమ్మ పొయ్యి దగ్గర అవసరం లేకపోయినా ఇంకాసేపు నిలబడటం కూడా అనిత చూసింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. చదువుకున్నందుకు ఇంటికి ఏదో ఒకటి చెయ్యాలి కదా అన్న బరువు ఎప్పుడూ మనసులో ఉండేది.

టెక్కలిలో డిగ్రీ అయ్యాక అనిత పలాస కాశీబుగ్గలో ఒక సూపర్ మార్కెట్లో పనికి చేరింది. ఒక రోజు అక్కడికి కొత్త సరుకు దిగింది: గుడ్డు లేని గుడ్లు. ప్యాకెట్ల మీద ఇంగ్లీషులో వీగన్ అని రాసుంది. జీడిపప్పు కొనేవాళ్ళు వాటిని తిప్పి చూసి నవ్వుకుని పెట్టేస్తున్నారు. అనిత మాత్రం వెనక రాసినదంతా చదివింది. పాలు లేవు, గుడ్డు లేదు, ప్రాణమున్నది ఏదీ లేదు. ఒకటి శనగపిండిది, ఒకటి దుంపపిండిది, ఒకటి పెసలది. మూడూ కొంది. పెసలది సీసాలో ద్రవం కాబట్టి, చేపలు పంపించే థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని, ఆదివారం బస్సెక్కింది.

"ఏటే ఇది, పలాస నుంచి సేపలట్టుకొచ్చినావేటి? సముద్రం ఒడ్డుకి?" అని వరహాలమ్మ నవ్వింది.

అనిత విషయం చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నిజంగా ఏటీ నేదా ఇందల? సూసి సెప్పు. నాకు సదువు రాదు, నీ మాట మీద తింతాను."

"పెసలే అమ్మా. ఒట్టు."

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి, కొత్త పెనం పెట్టింది అనిత. పాత పెనం మీద గుడ్లు పడ్డాయి మరి.

మొదట శనగపిండిది. నీళ్ళలో కలిపి పోస్తే చక్కగా పరుచుకుంది, ఎర్రగా కాలింది. వరహాలమ్మ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "బాగుంది. శనగపిండట్టు మనకి తెలీదేటి? దీనికి ప్యాకెట్టెందుకే?"

రెండోది దుంపపిండిది. దానితో పాటు చిన్న పొట్లంలో నల్లుప్పు ఇచ్చారు. అది పడగానే పెనం మీంచి అచ్చం గుడ్డు వాసన లేచింది. వరహాలమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. కానీ నోట్లో పెట్టుకుంటే బొంత నమిలినట్టే ఉంది. పంటికి సాగుతుంది, తెగదు.

మూడోది సీసాలోది. గిలక్కొట్టిన గుడ్డు సొనలాగే పసుపుగా జారింది. అంచులు లేచాయి, మధ్యలో పొంగింది, మడతపెడితే మడత పడింది. లోపల మెత్తగా, తడిగా, పొరలు పొరలుగా ఉంది. వేళ్ళతో నొక్కి చూసి వరహాలమ్మ తల ఊపింది. "ఒల్లు అచ్చం గుడ్డే. వాసన మట్టుకు పెసరట్టుది. ఆ రెండోది వాసన దొంగతనం సేసినాది, ఇది ఒల్లు దొంగతనం సేసినాది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనిత సీసాలోది ఇంకో గరిటె పోసి, పైన చిటికెడు నల్లుప్పు చల్లింది.

ఈసారి వరహాలమ్మ పళ్ళెం ముందేసుకుంది. కూర్చుని తింది. మెల్లగా, పెళ్ళిభోజనం తిన్నట్టు తింది. తినేసి పళ్ళెం అంచుకి అంటుకున్నది కూడా వేలితో తీసింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనుషులు పెసలని గుడ్డుగా మార్చిన ఆ పనితనం చూసి అనితకి ఒళ్ళు పులకరించింది.

అప్పుడే పక్కింట్లో ఉండే పెద్దతల్లి అనే ఆవిడ గుమ్మంలోకొచ్చింది. "ఓలె వరాలూ, గుడ్డు వాసనొత్తంది, ఏటి తింతన్నావు?"

అనిత గొప్పగా చెప్పింది: "వీగన్ గుడ్డు, అత్తా!"

పెద్దతల్లి నోటి మీద చెయ్యేసుకుంది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వరహాలమ్మ తమ్ముడు పోతురాజు వచ్చాడు. ఢిల్లీరావు బోటు మీద వలలాగే కలాసీలకి పెద్ద అతనే. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"బావా, రేపు నాను ఏటకి రాను. కుర్రోల్లూ రారు."

"ఏటయినాదిరా?"

"అప్ప మొక్కు తప్పినాది. ఏగిన గుడ్డు తిన్నాదట. మీ గుంట అనితే సెప్పిందట పెద్దతల్లికి. గంగమ్మకి మాట తప్పినోల్ల బోటు మేమెలాగెక్కుతాం?"

అనిత ఒక్క అంగలో వాకిట్లోకి వచ్చింది. "వేగిన గుడ్డు కాదు మావా, వీగన్ గుడ్డు!"

"అదే గదే నానూ సెప్తన్నాను!"

"అది గుడ్డు కాదు, పెసలు!"

"గుడ్డంతావు, గుడ్డు కాదంతావు. డిగ్రీలో ఇదేనేటి సెప్పినారు?"

ఢిల్లీరావు పెళ్ళాం వైపు తిరిగాడు. "తిన్నావేటి?"

"తిన్నాను. గుడ్డు తిననేదు."

"అయితే తిననేదు" అన్నాడాయన. అంతే. కానీ ఆయన నమ్మితే చాలదు. బోటు ఒక్కడితో కదలదు. వాకిట్లో కలాసీలు పోగయ్యారు, వాళ్ళ వెనక పెద్దతల్లి.

అనిత పొయ్యి బయటికి తెచ్చింది. అందరి ఎదుటా సీసా వంచి అట్టు పోసి, నల్లుప్పు చల్లి, పోతురాజు చేతిలో పెట్టింది. అతను నమిలాడు, కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలాడు.

"ఇది గుడ్డు కాదని నా సేత ఎవుడూ సెప్పించనేడు."

కలాసీలు గొణుక్కున్నారు. అట్టు ఎంత బాగా కుదిరితే అమ్మ మీద నేరం అంత గట్టిపడుతోంది. అనితకి ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక పెనం వైపు చూస్తే, పక్కన ఉప్పు పొట్లం కనబడింది.

"మావా, ఉండు." అదే సీసాలోంచి ఇంకో అట్టు పోసింది. ఈసారి ఏమీ చల్లలేదు. "ఇది తిను."

పోతురాజు తిన్నాడు. మొహం మారింది. "ఇది... పెసరట్టులాగుందేటే?"

అతని చేతిలో మిగిలిన ముక్క మీదే అనిత చిటికెడు ఉప్పు వేసింది. "ఇప్పుడు?"

అతను నోట్లో పెట్టుకుని బిత్తరపోయాడు. "ఓర్నాయనో! నా సేతిలోనే గుడ్డయిపోనాది!"

కలాసీలు ఒకరి మీద ఒకరు పడి ముక్క ముక్క అడిగారు, ఉప్పు లేకుండా ఒకసారి, ఉప్పేసి ఒకసారి. పెద్దతల్లికీ పెట్టారు. ఆవిడ రెండూ తిని, సీసా వాసన చూసి, తల గోక్కుని, "నా సెవులు కాలిపోనూ" అంది.

పోతురాజు అప్ప ముందుకొచ్చి నిలబడ్డాడు. "తప్పయిపోనాదే అప్పా. అయినా ఆ ఉప్పు వద్దులే. మనసు నీసు మీదకెల్తాది."

వరహాలమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఒరే తమ్ముడా, గంగమ్మకి నానిచ్చింది గుడ్డు. నాలిక ఇవ్వనేదు." కూతురి వైపు పళ్ళెం జరిపింది. "ఉప్పు ఇంకొంచెం ఎయ్యే."

తెల్లారి బోటు వేటకెళ్ళింది. మధ్యాహ్నం పెద్దతల్లి గిన్నె పట్టుకుని వచ్చి, గుమ్మంలో కాసేపు తటపటాయించింది.

"ఓలె వరాలూ, ఆ ఏగిన గుడ్డు ఇంకా ఉందేటి?"

ఈసారి అనిత దిద్దలేదు.