ముగ్గురు పోసిన నూనె

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, కారుకు తలుపులు రెండు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ముందు సీటు ఆవిడది. స్టీరింగు కొడుకుది. కోడలు ముందు సీటు వంచి, ఒళ్ళు ముడుచుకుని, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని వెనక్కి దూరాలి. వెనక కిటికీ తెరుచుకోదు. తయారుచేసినవాళ్ళే అద్దాన్ని బిగించేశారు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఊళ్ళో ఏ వీధి చూసినా ఆమె ఆ అద్దంలోంచే చూసింది, అదీ సగం సగమే. ఆమె కోరిక ఒక్కటే, నాలుగు తలుపుల కారు. రంగు ఏదైనా ఫరవాలేదు.

అది మామూలు కారు కాదని ఆమె భర్త అందరికీ చెప్పేవాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కంటి పరీక్షకు వచ్చి, గడ్డం పరికరానికి ఆనించి, కదలడానికి వీల్లేక కూర్చున్నవాళ్ళకు మరింత వివరంగా చెప్పేవాడు. అన్ని కార్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. దీన్లో పిస్టన్లు లేవు. మూడు మూలల ఇనప దిమ్మలు గూట్లో గిరగిరా తిరుగుతాయి. ఆ మూలల చివర సన్నటి పట్టీలుంటాయి. అవి అరిగాయంటే ఇంజను పని అయిపోయినట్టే. అవి అరక్కుండా ఇంజను తనకు కావలసిన నూనె తనే కొంచెం కొంచెం తీసుకుంటుంది. అది చాలదని ఇలాంటి బండ్లున్న చాలామంది నమ్మకం. అందుకని పెట్రోలు పోయించే ముందు ట్యాంకులో, పాత స్కూటర్లకు కలిపే నూనె కాస్త పోస్తారు. పెట్రోలు ధార దాని మీద పడి రెండూ కలిసిపోతాయి.

"నాకూ లైసెన్సు ఉందిగా, ఒక్కసారి నేను నడుపుతానండీ," అని కోడలు అడిగింది ఒకనాడు.

"దీని సంగతి వేరు," అన్నాడాయన. "నూనె కలిపిన చెయ్యే స్టీరింగు పట్టాలి. కొలత తెలిసినవాళ్ళకే దీని గొంతు తెలుస్తుంది."

"అయితే నూనె నేనే కలుపుతా."

"కలుపు, నాకూ ఒక పని తగ్గుతుంది," అన్నాడు, మాట ఎటు పోతోందో చూసుకోకుండా. ఆ రోజు నుంచి నూనె ఆమె కలిపింది. స్టీరింగు మాత్రం చేతులు మారలేదు.

ఆమె కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకుంది. గాజు గొట్టంలో ద్రవం ఏ గీత దగ్గరుందో కన్ను సమంగా పెట్టి చూడటం అక్కడ నేర్చుకున్నదే. జ్వరం మందు సీసాతో వచ్చిన గీతల కప్పును కడిగి, ఆరబెట్టి, షెడ్డులో నూనె డబ్బా పక్కన బోర్లించి పెట్టింది. లీటరు పెట్రోలుకు ఐదు మిల్లీలీటర్లు. ట్యాంకులో ఎంత ఖాళీ ఉందని అడిగితే ఆయన "ఓ సగం" అనేవాడు. "సగమంటే ముల్లు గీతకు ఇవతలా, అవతలా?" అని అడిగి, ఆయన విసుక్కుంటూ వెళ్ళి చూసి వచ్చేదాకా కప్పు పట్టుకుని నిలబడేది.

ఇంత చేసినా బండి నీలంగా పొగ వదిలేది. నెలనెలా ఎక్కువవుతోందే గానీ తగ్గలేదు.

"దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని కిటికీలన్నీ మూసేశానండీ," అంది పక్కింటావిడ. "ఒక్క దోమ కూడా చావలేదు."

పొగ పరీక్షలో బండి తప్పింది. ఇంకోసారి తప్పితే రోడ్డెక్కనిచ్చేది లేదని పరీక్ష కేంద్రంలో చెప్పారు. నూనె ఏమైనా ఎక్కువ కలుపుతున్నారా అని అక్కడి మెకానిక్కు అడిగితే, ఆయన వెనక సీటు వైపు చూపించి, "నాకు తెలీదండీ, కొలత మా ఆవిడది," అన్నాడు. మెకానిక్కు వంగి అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. ఏదో ఒకటి అందామన్నా ఆ కిటికీ తెరుచుకోదు కదా.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన పెద్ద మనసు చేసుకున్నాడు. "ఈసారి కూడా తప్పితే సరే, నాలుగు తలుపుల బండే కొందాం. మాటంటే మాటే."

కోడలు తలొంచుకుని మజ్జిగ కలుపుకుంది. మనసులో అప్పుడే నాలుగు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి తీసి చూసింది.

రెండో పరీక్షకు ముందు, ఒక పొద్దున, షెడ్డులో నిచ్చెన కోసం వెళ్ళింది. అత్తగారు ఒక చేత్తో బండికి ఆనుకుని, మరో చేత్తో నూనె డబ్బా మూత నిండా పట్టి, ట్యాంకులోకి వంపుతున్నారు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"కేకలెందుకే, గుండె ఆగింది నాకు," అన్నారు అత్తగారు, మూత చివరి చుక్కదాకా విదిలిస్తూ. "కాస్త నూనె పోస్తున్నా."

"నిన్న నేను పోశానుగా!"

"పోశావులే. నీ చెయ్యి నేనెరగనా? వంటింట్లో చూస్తున్నాగా, మూకుడు తడిస్తే గొప్ప. అందుకని ప్రతిసారీ నీ వెనక ఒక మూత నేను పోస్తూ ఉంటా."

"ప్రతిసారీనా?"

"పెద్దదాన్ని, ఆ మాత్రం చూసుకోకపోతే ఎలా? వాడూ పోస్తాడు. స్నానానికి వెళ్ళే ముందు ఇటొచ్చి సర్రున ఒక ధార. కొలతా పాడా! మగవాడి చేతికి అందాజేం తెలుస్తుంది? తక్కువైందేమోనని..."

"మీరు ఇంకో మూత."

"సగమే," అన్నారు అత్తగారు నొచ్చుకుంటూ.

కోడలు నిచ్చెన సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయింది. కూరలో ముగ్గురూ ఉప్పు వేసినట్టుంది, ఉప్పెక్కువన్న పేరు మాత్రం తనకొచ్చింది. ఇప్పుడు ఆమె చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. మూసుకుంటే బండి తప్పుతుంది, నాలుగు తలుపులూ ఇంటికి వస్తాయి. ఇన్నేళ్ళ కోరిక తీరడానికి ఇంత తేలిక దారి మళ్ళీ దొరకదు.

అంట్లు సర్దుతూ ఆ దారి గురించే ఆలోచించింది. అడ్డం ఒక్కటే. బండి తప్పిందని చెప్పేటప్పుడు మెకానిక్కు మళ్ళీ వంగుతాడు. "కొలత మా ఆవిడది" అని ఆయన మళ్ళీ అంటాడు. దుకాణంలో గడ్డం ఆనించిన వాళ్ళందరికీ చెబుతాడు. పక్కింటావిడకు తెలుస్తుంది. కొత్త కారు ఎక్కిన ప్రతిసారీ, ఇది నా కొలత తప్పినందుకు వచ్చిన కారు అని తనకు గుర్తొస్తుంది. తప్పింది తన కొలత కాదు. లీటరుకు ఐదు, ఒక్క చుక్క అటూ ఇటూ కాదు.

చేతులు తుడుచుకుని వెళ్ళి నూనె డబ్బాను షెడ్డులోంచి తెచ్చేసి, వంటింట్లో సున్నిపిండి డబ్బా వెనక దాచింది. అక్కడికి ఆ ఇంట్లో ఇంకెవరి చెయ్యీ వెళ్ళదు.

పరీక్ష రోజున ఆయన నడుం పట్టేసింది. పొగ గొట్టం తళతళలాడితే మెకానిక్కుకు మంచి అభిప్రాయం కలుగుతుందని, నేల మీద పడుకుని టూత్‌పేస్టు పెట్టి పొద్దున్నంతా తోమాడు. గొట్టం తెల్లబడింది. ఆయన లేవలేకపోయాడు.

"నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు మంచం మీంచి, గోడ వైపు తిరిగి. "జాగ్రత్త. రేపెళ్ళినా..."

"ఇవాళే ఆఖరు రోజండీ."

"ఒక్కదానివే ఏం వెళ్తావ్, నేనూ వస్తా," అంటూ అత్తగారు అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

కోడలు సీటు ముందుకు జరుపుకుంది. అద్దాలు సరిచేసుకుంది. తర్వాత, తొందరేమీ లేకుండా, తన పక్క కిటికీ అద్దం పూర్తిగా కిందికి దించింది. గాలి వచ్చింది. బండిలో గాలి ఆడుతుందన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

ముందు బంకులో నూనె లేని వట్టి పెట్రోలు నిండుగా పోయించి, ట్యాంకులో ఉన్నదాన్ని పలచన చేసింది. ఇంజను బాగా వేడెక్కాక ఊరి చుట్టూ తిరిగే పెద్ద రోడ్డెక్కింది. లోపల పేరుకున్న జిడ్డు కాలిపోవాలంటే దీన్ని గట్టిగా తిప్పాలని భోజనాల దగ్గర ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. వింటున్నట్టు కనబడకపోయినా ఆమె విన్నది. పక్కన ఎవరూ లేని చోట గేరు తగ్గించి తొక్కింది. వెనక నీలం తెర ఒకటి లేచింది. ముల్లు ఎర్ర గీత దాకా పోయి, కీమని బజరు మోగింది.

"ఎందుకే అమ్మాయ్ అది ఏడుస్తోంది?"

"ఇంక చాలంటోంది అత్తయ్యా."

"దాని మొహం, పోనీ," అన్నారు అత్తగారు, పైన పిడి పట్టుకుని.

అలా పోగా పోగా నీలం తెర పలచనైంది. తిరిగి వచ్చేటప్పుడు అద్దంలో రోడ్డు రోడ్డులాగే కనిపించింది.

మెకానిక్కు గొట్టంలో తీగ దూర్చి, పరీక్ష యంత్రం మీది అంకెలు చూసి, దాన్ని ఒకసారి అరచేత్తో తట్టి మళ్ళీ చూశాడు. "ఇది అదే బండేనా?"

"అదే."

"గొట్టం ఇలా ఎవరు తోమారు?"

"మావాడు," అన్నారు అత్తగారు. "పళ్ళు కూడా అంత బాగా తోముకోడు."

బండి గట్టెక్కింది. ఆమె ఆశపడ్డ నాలుగు తలుపుల కారు యంత్రం మీది ఆ అంకెల దగ్గరే ఆగిపోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బాధ వస్తుందేమోనని కాసేపు చూసుకుంది గానీ, అది రాలేదు.

"నేను చెప్పలా!" అన్నాడాయన మంచం మీద నుంచి. "మన బండికేం!"

"మీరు స్నానానికి ముందు పోసే ధార పోయలేదు కదండీ. అత్తయ్య కూడా మూత పోయలేదు. అంతే."

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు కిటికీ తెర సర్దారు.

"అంటే, నీ కొలత..."

"సరిగ్గానే ఉంది."

ఆ వారాంతానికి ఆయన నడుం నిటారైంది. ముస్తాబై బయటికి వచ్చేసరికి కోడలు డ్రైవరు పక్క తలుపు దగ్గర తాళం చెవితో నిలబడి ఉంది.

"ఇదేమిటి?"

"నూనె కలిపిన చెయ్యే కదండీ," అంది, ఆయన మాటను ఆయనకే అప్పజెబుతూ.

ఆయన తల్లి వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే ముందు సీట్లో బెల్టు పెట్టుకుని ఉన్నారు. "ఎక్కరా, ఎండ మండిపోతోంది."

ఆయన సీటు వంచాడు. ముందు తల పెట్టి చూశాడు, కుదరలేదు. తర్వాత కాలు పెట్టాడు. చివరికి పక్కకు తిరిగి, మోకాళ్ళు గడ్డం దగ్గరికి తెచ్చుకుని కూలబడ్డాడు. బండి వీధి చివరికి వచ్చింది.

"ఈ కిటికీ ఎలా తీస్తారు?"

"అది తెరుచుకోదండీ."

"మరి గాలి?"

"మాట్లాడకుండా కూచుంటే అంత ఉక్కగా ఉండదు," అంది కోడలు. అనుభవంతో చెప్పిన మాట.

రెండు వీధులు దాటారు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ నాలుగు తలుపుల బండి సంగతి, ఒకసారి వెళ్ళి చూద్దామా?"

కోడలు మోచెయ్యి కిటికీ అంచు మీద పెట్టింది.

"ముందు ఇంజను వేడెక్కనివ్వండి," అంది. "తొందరేముంది!"