వెనకగది పొగగొట్టం

ఆ చలికాలం ఇందిరమ్మ ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయింది. నూలు కండెలు చుడుతూ చుడుతూ మధ్యలో లేచేది. వాకిట్లోకి పోయి ఊరికే నిలబడేది. చల్లగాలి ముఖానికి తగిలితే కాసేపు బాగుండేది. మళ్లీ లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంటే, కణతల మీద ఎవరో వేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి మొదలయ్యేది.

వరంగల్ కరీమాబాదులో వాళ్లది పొడుగాటి పెంకుటిల్లు. ముందు గదిలో మగ్గాలు, నడిమి గదిలో అత్త భాగ్యమ్మ మంచం, వెనక గదిలో నూలుకు రంగులద్దే బట్టీ. ఇందిరమ్మ భర్త వెంకటరాజం ఆ పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఎరుపు అద్దడంలో ఆయనకు మంచి పేరుంది. బట్టీ మీద రాగి గంగాళం, దాని వెనక గోడలో నుంచి కప్పు దాటి పైకి పోయే ఇటుకల పొగగొట్టం. ఆ గొట్టం కూడా తండ్రి కట్టించిందే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా కట్టెల కరువు తీరలేదు. ములుగు అడవి నుంచి వచ్చే కట్టె బండ్లు తగ్గిపోయాయి, వచ్చినా పచ్చి కట్టెలే. దసరా దాటగానే వెంకటరాజం రాక్షసి బొగ్గుకు మారాడు. రైలింజన్లలో సగం కాలిన బొగ్గు, కాజీపేట వైపు నుంచి బస్తాల్లో వచ్చేది. ఒకసారి ఎర్రగా రాజుకుంటే పూటంతా నిలిచేది. ఏళ్ల తరబడి కట్టెపొగకు కళ్లు తుడుచుకున్న మనిషికి అది పెద్ద సుఖమనిపించింది. "చూడున్రి, పొగ లేదు, మసి లేదు," అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. కట్టెలు కాల్చిన రోజుల్లో కిటికీ, పెరటి తలుపు బార్లా తెరిచి ఉండేవి. ఇప్పుడు పొగే లేదు కాబట్టి, చలిగాలికి గంగాళం చల్లారిపోతుందని రెండూ మూసేశాడు.

ముందుగా పడిపోయింది భాగ్యమ్మ. ముసలామె అయినా గట్టి మనిషి, నోటి లెక్కన రంగు పాళ్లు చెప్పగలిగేది. అలాంటిది పొద్దెక్కినా మంచం దిగకుండా అయింది. తిన్నది కక్కుకునేది. మాట మధ్యలో ఆగి, ఏం చెప్పబోయిందో తెలియక కోడలి ముఖంలోకి చూసేది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి గాలి సోకిందన్నారు. ఒకామె తాయెత్తు తెచ్చి కట్టింది. వెంకటరాజం మాత్రం, "వయసు మీద పడ్డది, చలికాలం గద," అని ఊరుకున్నాడు. ఆయనకూ సాయంత్రానికి తల దిమ్ముగా ఉండేది. పని ఎక్కువైందనుకునేవాడు.

తొర్రూరులో ఉండే కూతురు భారతి నానమ్మను చూడటానికి వచ్చి, కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని తీసుకుపోయింది. భాగ్యమ్మ అక్కడ లేచి తిరిగింది. జొన్నరొట్టె అడిగి తిన్నదని కబురొచ్చింది. బాగైందని సంతోషపడి తిరిగి తెచ్చుకున్నారు. వచ్చి వారం కాకముందే మళ్లీ మంచం పట్టింది.

అప్పటి నుంచి ఇందిరమ్మ మనసు మరీ నిలవలేదు. అక్కడ బాగున్న మనిషి ఇక్కడెందుకు పడిపోతోంది? నీళ్లా? తిండా? వాకిట్లోకి పోతే తన నొప్పి ఎందుకు తగ్గుతోంది? పనిచేస్తూ ఇదే ఆలోచించేది. కిటికీ తెరిచేది. వెంకటరాజం వచ్చి మూసేవాడు. మళ్లీ తెరిచేది.

"ఏందే, ఊకె అటు ఇటు తిరుగుతాన్నవ్? ఒక్క తాన కూసోరాదా," అని ఆయన విసుక్కున్నాడు.

"నాకేమో మంచిగ అనిపిస్తలేదు. ఈ ఇంట్ల ఏమో ఉన్నది."

"ఏముంటది? వాడకట్టోళ్ల మాటలు నమ్మి నువ్వు సుత గాలి, ధూళి అంటాన్నవా?"

ఆమె పోయి కిటికీ మళ్లీ తెరిచింది. మర్నాడు అత్తను జట్కాలో ఎక్కించుకుని హనుమకొండ మిషన్ దవాఖానకు పోయింది. దారిలోనే భాగ్యమ్మ కొంత తేరుకుంది. దవాఖాన మెట్లు చేయి పట్టుకుని తనే ఎక్కింది. డాక్టరు చూసి జ్వరం లేదు, గుండె బాగుందని చెప్పి బలానికి మందు రాశాడు. మందు పోసిచ్చిన నర్సు ఎస్తేరు మాత్రం ఇందిరమ్మను వెంటనే పంపలేదు.

"అక్కా, ఇంట్ల ఈమె ఒక్కదానికేనా, ఇంకెవరికన్న నెత్తి నొస్తదా?"

"నాకు నొస్తది. మా ఇంటాయనకు సుత. బయటికొస్తే తగ్గుతది నర్సమ్మా."

ఎస్తేరు చేతిలోని మందు సీసా పక్కన పెట్టింది. "ఇంట్ల బొగ్గులు కాలుస్తరా?"

ఇందిరమ్మ బట్టీ సంగతి చెప్పింది. ఎస్తేరు గొంతు తగ్గించింది. "మా హాస్టల్ల ఒక చలికాలం ఆడపిల్లలు బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులేసుకున్నరు. పొద్దుగాల లేపితే లేవలేదు. ఒక పిల్ల దక్కలేదు. ఆ గదిల పొగ లేదు, వాసన లేదు. బొగ్గుల నుంచి వచ్చే గాలి కండ్లకు కానరాదు. మీ ఇల్లు నేను చూడలేదు, గట్టిగ చెప్పలేను. కాని మీ పొగగొట్టం గుంజుతాందో లేదో చూసుకోన్రి. అందాక తలుపులు తెరిచి పెట్టున్రి."

తిరుగు జట్కాలో ఇందిరమ్మకు ఆ పిల్లే కళ్లముందు ఆడింది. ఇంట్లో దిగగానే వెంకటరాజానికి చెప్పింది. ఆయన విన్నాడు, కాదనలేదు, కాని నమ్మలేదు.

"ఆ పిల్లలు కుంపటి పెట్టుకున్నరు. మనకు గొట్టం ఉన్నది గద. మా బాపు కట్టిచ్చిండు. ఇన్నేండ్ల నుంచి ఏం గాలేదు."

"చూసేటందుకు ఏమైతది?"

"తొర్రూరు పెండ్లి చీరల నూలు గంగాళంల ఉన్నది. నడుమ మంట తగ్గితే రంగు చారలు పడ్తది. ఇది దిగినంక చూస్త. జర ఓపిక పట్టు."

ఓపిక పట్టడం ఆమె వల్ల కాలేదు. అత్తను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి, దేవుడి గూట్లోని సాంబ్రాణి ఒక పెంకు మీద వేసి అంటించింది. దాన్ని తీసుకుపోయి బట్టీ నోటి దగ్గర పట్టింది. గొట్టం లాగితే ఆ పొగ లోపలికి పోవాలి. కాసేపు పోయింది కూడా. అంతలో బయట గాలి తిరిగింది. పోతున్న పొగ నిలిచింది, వెనక్కి మళ్లి ఆమె ముఖం మీదికే వచ్చింది. మళ్లీ మళ్లీ అలాగే. బట్టీ నోట్లో నుంచి వేడి బయటికి కొట్టింది.

"ఇటు చూడు," అన్నది.

వెంకటరాజం గంగాళంలో నూలు చిలపలు తిరగేస్తూ ఒక్క చూపు చూశాడు. "గాలి జర ఎక్కువున్నది ఇయ్యాల. గుండయ్యను పిలుస్తలే రేపు."

గుండయ్య పక్క వాడలో ఉండే తాపీ మేస్త్రీ. ఇందిరమ్మ రేపటి దాకా ఆగలేదు. పెరటి తలుపు తెరిచి, చెంగు నడుముకు చెక్కుకుని తనే బయలుదేరింది. గుండయ్య ఎక్కడో గోడ కడుతున్నాడు. వెతికి పట్టుకుని, చేతి పని ఆపించి వెంటబెట్టుకొచ్చేసరికి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో అత్త లేదు. చినుకులకు లేచి లోపలికి పోయి మంచం మీద పడుకుంది.

"అత్తమ్మా," అని పిలిచింది. పలకలేదు. భుజం పట్టి ఊపింది. ముఖం ఎర్రగా, జ్వరం వచ్చినట్టుంది. తల ఒక పక్కకు వాలిపోయింది.

వెనక గదిలో, ఆమె తెరిచి పోయిన పెరటి తలుపు మళ్లీ మూసి ఉంది. వెంకటరాజం గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నూలు తిరగేసే కర్ర ఒళ్లో ఉంది. "ఎర్రగైంది, దించుతాన్న, దించుతాన్న," అంటున్నాడు గాని లేవడం లేదు.

ఇందిరమ్మ తలుపు గొళ్లెం ఊడదీసి రెండు రెక్కలూ తన్నినట్టు తోసింది. "ఈయనను గుంజు అన్నా," అని గుండయ్యకు చెప్పి, అత్త చంకల్లో చేతులు వేసి ముందు గది నుంచి అరుగు మీదికి ఈడ్చింది. చినుకుల్లోనే పడుకోబెట్టి వెనక్కి పరుగెత్తింది. ఊపిరి బిగబట్టి బట్టీలోని నిప్పులను ఇనుప పారతో ఎత్తి పెరట్లో పోసింది. మళ్లీ వచ్చి ఎత్తింది. కాళ్లు తేలిపోతుంటే బయటికి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ పోయింది. గుండయ్య వద్దంటున్నా వినలేదు. బట్టీ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. గంగాళంలో పెండ్లి చీరల నూలు సగం ఎరుపు, సగం గులాబీగా మిగిలిపోయింది.

వెంకటరాజం పెరట్లో కక్కుకుని, చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. భాగ్యమ్మ కళ్లు తెరవడానికి ఇంకా ఆలస్యమైంది. తెరిచాక కూడా, అరుగు చుట్టూ చేరిన వాళ్లలో కోడలెవరో గుర్తుపట్టలేదు. ఎవరో పరుగెత్తి చెబితే ఎస్తేరు సాయంత్రానికే వచ్చింది. నాడి చూసి, "బతుకుతది. కాని ఆ బొగ్గుల గాలికి తలకాయ దెబ్బతిన్నది. ఎంత తిరిగొస్తదో చెప్పలేం," అన్నది.

వెంకటరాజం తల్లి మంచం పక్కన నిలబడి ఆ మాట విన్నాడు. భార్య వైపు చూడలేకపోయాడు.

మర్నాడు గుండయ్య కప్పెక్కి గొట్టంలో గుండుతాడు దించాడు. సగం దూరం పోయి ఆగింది. లోపల ఇటుకలు జారి అడ్డం పడ్డాయి. వాటి మీద పావురాలు పుల్లలు పేర్చి గూడు పెట్టాయి. అవన్నీ లాగి పడేశాక గుండయ్య పక్కింటి వైపు చేయి చూపించాడు. పక్కింటి పత్తి వ్యాపారి పాండురంగం ఆ ఏడే తన ఇంటి మీద మేడ కట్టాడు. దాని గోడ గొట్టం కంటే నిలువెత్తు పైన ఉంది.

"అడ్డం తీస్తే సరిపోదు రాజం. గాలి ఆ గోడకు కొట్టి నీ గొట్టంలకే దిగుతాంది. ఆ మేడ కప్పు దాటేదాక గొట్టం లేపాలె. గంత పొడుగు ఒక్కటే నిలవదు, ఆ గోడకు కట్టాలె."

వెంకటరాజం పోయి అడిగాడు. పాండురంగం ఒప్పుకోలేదు. "కొత్త మేడ. మీ పొగంత మా కిటికీలల్లకు రావాలెనా? నా గోడకు ఇనుప పట్టీలు కొడ్తే బీటలు వడయా?" అన్నాడు. ఉత్త చేతులతో వచ్చిన భర్తను చూసి ఇందిరమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లింది.

"అన్నా, ఇప్పుడున్న గొట్టం మీ కిటికీ కిందనే ఉన్నది. పొగ వస్తే ఇప్పుడు వస్తది. మీ కప్పు దాటినంక పైకి పోతది. అది పక్కన పెట్టు. ఒక్కసారి వచ్చి మా అత్తమ్మను చూసిపో. చూసినంక నువ్వు ఏమంటే గదే."

పాండురంగం ఇష్టం లేకుండానే వచ్చాడు. చిన్నప్పుడు తల్లి పోతే ఈ అరుగు మీదే భాగ్యమ్మ చేతి ముద్దలు తిన్నవాడు. మంచం దగ్గర వంగి, "పెద్దమ్మా, నేను," అన్నాడు. ఆమె అతని ముఖం చాలాసేపు చూసింది. మర్యాదగా నవ్వింది.

"కూసో బిడ్డా. ఎవరి పిల్లగానివి? మీ అమ్మ మంచిగున్నదా?"

అతను కూర్చున్నాడు.  లేచి పోతూ గడప దగ్గర ఆగి, "గుండయ్యను రమ్మను. పట్టీలు ఎక్కడ కొట్టాల్నో నేను చూపిస్త," అన్నాడు.

గొట్టం లేచింది. వానకు లోపలికి నీళ్లు పడకుండా, గాలికి పొగ తిరగకుండా గుండయ్య పైన రేకు గొడుగు పెట్టాడు. కింద మసి, పుల్లలు తీయడానికి చిన్న తలుపు వదిలాడు. బట్టీ గది గోడకు నేల దగ్గర ఒక కంత కొట్టి, దాన్ని ఎప్పుడూ మూయొద్దని చెప్పాడు. వెంకటరాజం చారలు పడ్డ నూలంతా మళ్లీ ముదురు రంగులో ముంచి తొర్రూరు వాళ్లకు క్షమించమని చెప్పి ఇచ్చుకున్నాడు.

భాగ్యమ్మకు మనుషులు మెల్లమెల్లగా గుర్తుకొచ్చారు. కోడలి పేరు వచ్చింది, తర్వాత పాండురంగం. రంగు పాళ్లు మాత్రం తిరిగి రాలేదు. అడిగితే చేతులు చూసుకుంటూ, "ఉండె నాయినా, ఏడనో పోయినై," అనేది. వెంకటరాజం ఇక అడగడం మానేశాడు.

ఇందిరమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. బట్టీ వెలిగిన రోజు అత్తను ముందు గదిలోకి మార్చేది. వచ్చి బట్టీ నోరు చూసేది, పోయి అత్త ముఖం చూసేది, వాకిట్లోకి పోయి గొట్టం పైన పొగ ఎటు పోతోందో చూసేది. నొప్పి పోయినా ఆ తిరుగుడు పోలేదు. ఎవరూ ఆమెను కూర్చొమ్మనలేదు.

చలి తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం ఆమె మగ్గం పక్కన గోడకు జారగిలబడి కళ్లు మూసింది. వెంకటరాజం అటుగా వచ్చి చూసి బిత్తరపోయాడు. చేతిలోని చిలపలు పడేసి భుజం పట్టి కుదిపాడు.

"ఏందయ్యా, జర నిద్రపోనియ్యవా," అన్నది ఆమె, కళ్లు తెరవకుండానే.

ఆయన ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. ఊపిరి వచ్చీ పోవడం చూస్తూ, ఆమె లేచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.