జేబులో కొక్కెం

గురువారం సాయంత్రం రామ్మోహన్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూనే ప్యాంటు కుడి జేబు మీద అరచెయ్యి వేసి చూసుకున్నాడు. టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిన సుగుణ అది గమనించింది. పది రోజుల నుంచీ ఇదే వరస. అడిగితే "ఏం లేదు" అంటాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈ మనిషి ఏం లేదు అన్న ప్రతిసారీ ఏదో ఒకటి ఉండనే ఉంది.

ఈ అరబ్బు ఊరు నిజ్వాలో పాత బజారు వెనకున్న హిలాల్ వర్క్‌షాపులో రామ్మోహన్ ఫోర్‌మన్. పంపులు, గేర్లు, లేత్ పని ఎక్కువ. లైసెన్సున్న తుపాకులు బాగుచేసే గది ఒకటి లోపల విడిగా ఉంటుంది. మొన్న పండగ కాగానే, పనివాళ్లంతా అర్బాబ్ అని పిలిచే యజమాని హిలాల్ తన ఇంటి తుపాకీనే తెచ్చి ఆ గదిలో పెట్టాడు. చనిపోయిన వాళ్ల నాన్న వేట తుపాకీ అది. వేటలు మానేసి చాలా ఏళ్లయినా, పండగనాడు కొండ కింద గురి పోటీకి దాన్నే తీసుకెళ్తారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఖాళీది దానంతటదే బయటికి ఎగిరిపడి, తూటాలు పేర్చే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి పైకొచ్చి కూర్చోవాలి. ఈసారి అన్నదమ్ముల పిల్లలందరి ముందూ రెండో తూటాకే పట్టేసింది. ఖాళీది బయటికి రాలేదు, కొత్తది లోపలికి వెళ్లలేదు.

రామ్మోహన్ విప్పి చూశాడు. ఖాళీ తూటా అంచుని పట్టి వెనక్కి లాగడానికి గోరంత ఉక్కు కొక్కెం ఒకటి ఉంటుంది. దాని మొన అరిగిందనుకున్నాడు. ఆ తుపాకీ తయారీ ఆగిపోయి ముప్పై ఏళ్లయింది, ముక్క ఎక్కడా దొరకదు. తనే కొత్తది అరగదీసి బిగించాడు. షాపులో ఉత్తుత్తి తూటాలు వేసి చేత్తో ఆడిస్తే ఒక్కటీ ఆగలేదు. హిలాల్ కొండ కిందకి తీసుకెళ్తే మళ్లీ రెండోదానికే ఆగింది. మ్యాగజైన్ స్ప్రింగు మార్చాడు. షాపులో బాగుంది, కొండ కింద ఆగింది. అలా మూడుసార్లు.

"నీ చేతిలో నడుస్తుంది, నా చేతిలో ఆగుతుంది. ఎందుకు?" అని మూడోసారి హిలాల్ నవ్వకుండా అడిగాడట. ఆ రోజు నుంచి ఇంట్లో ముగ్గురి బతాకాల రెన్యూవల్ కాగితాలూ అతని టేబుల్ మీదే పడి ఉన్నాయి. అతను సంతకం పెడితేనే ఈ దేశంలో ఉండే కార్డులు మళ్లీ వస్తాయి. గడువు తొమ్మిది రోజులు. కూతురు అక్షరకి పదో తరగతి పరీక్షలు ఇంకో రెండు నెలల్లో.

శుక్రవారం పొద్దున రామ్మోహన్ కూరలకి వెళ్తూ, "నాలుగింటికి అర్బాబ్ రమ్మన్నాడు. ఆ ప్యాంటు మీద ఓసారి ఇస్త్రీ పెట్టె తిప్పు" అని చెప్పాడు. అతనటు వెళ్లాడో లేదో తలుపు చప్పుడైంది. లేత్ మీద పనిచేసే కడప ఖాదర్‌వలి.

"వదినా, అన్న లేడా?"

"కూరలకి వెళ్లారు. రా, కూర్చో."

అతను కూర్చోలేదు. "అర్బాబ్ నిన్న నన్ను లోపలికి పిలిచినాడు వదినా. పాత కొక్కెం యాడుందని అడిగినాడు. అన్నేమో స్క్రాప్‌లో ఏసినానని చెప్పినాడంట. డ్రమ్ము మొత్తం కింద పోసి చూసినా. ల్యా."

"నువ్వెందుకు పోశావు?"

"పొయ్‌మన్నాడు. పొయ్యకుంటే నన్ను గూడా దాంట్లోనే ఏసేటట్టుండాడు."

"ఏమనుకుంటున్నాడు ఆయన?"

"ఏముంది, అసలు ముక్క అన్న దాపెట్టుకున్నాడని. బజార్లో పాత తుపాకుల ముక్కల కోసం తిరిగేటోళ్లు ఉండారు గదా. నాసి ముక్క ఒకటి పెట్టి ఆడిస్తాండాడని."

"నువ్వేమనుకుంటున్నావు?"

"నేననుకుంటే ఏమైతాది వదినా? బిర్యానీ పెట్టిన రోజు అన్న పక్కనే కూర్చుని తింటి. రేపు తిట్లు పెట్టినా పక్కనే కూర్చుని తింటా." నవ్వాడు గానీ, వెళ్లేముందు కుర్చీ మీదున్న ప్యాంటు వైపు ఒక చూపు చూశాడు. లేకపోతే సుగుణకే అలా అనిపించిందో. రామ్మోహన్ పోతే ఫోర్‌మన్ అయ్యేది ఇతనే. హిలాల్ చెవిలో మొదటి మాట ఎవరు వేశారో మరి.

తలుపు వేసి ఇస్త్రీ పెట్టె ఆన్ చేసింది. ప్యాంటు పరిచాక కుడి జేబులో చెయ్యి పెట్టాలనిపించింది. పెట్టలేదు. మొగుడి జేబులు వెతికే ఆడదాన్ని కాకూడదని పెళ్లైన కొత్తలో అనుకున్న మాట, ఇన్నేళ్లూ నిలబెట్టుకుంటూ వచ్చింది. కాళ్లు ఇస్త్రీ చేసింది, నడుం చేసింది. జేబు దగ్గరికి వచ్చేసరికి పెట్టె కింద ఏదో గట్టిగా తగిలింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాసన వచ్చింది. ఇంజనాయిలుది కాదు, చెమటది కాదు. సాంబ్రాణి. తను ఇవాళ ఇంకా దీపమే పెట్టలేదు.

ఇక ఆగలేదు. జేబులోంచి గుడ్డ మూట బయటికి తీసింది. తన పాత నీలం చీర ముక్కే. దాని మీద గోధుమరంగు మరక కరిగి వేలికి బంకలా అంటుకుంది. లోపల గోరంత ఉక్కు కొక్కెం.

రామ్మోహన్ సంచీతో లోపలికి వచ్చేసరికి అది ఇస్త్రీ బల్ల మీద ఉంది.

"అమ్ముకోడానికా?"

"సుగుణా!"

"అరవకండి, గదిలో పిల్ల చదువుకుంటోంది. అమ్ముకోడానికా, కాదా?"

అతను సంచీ నేల మీద పెట్టి దాని పక్కనే చతికిలబడ్డాడు. "మొదటి రోజు కొలత చూసుకుందామని జేబులో వేసుకున్నా. ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు. ఆ గదిలోంచి చిన్న ముక్క బయటికొచ్చినా ఆయన ఊరుకోడు. పొద్దున్నే పెట్టేద్దామనుకుంటే గుమ్మంలోనే ఎదురొచ్చి పాతదేదీ అన్నాడు. స్క్రాప్‌లో వేశానని నోట్లోంచి వచ్చేసింది. తర్వాత డ్రమ్ములో పడేద్దామంటే ఖాదర్‌వలి కళ్లు ఎప్పుడూ నా మీదే. ఇవాళ కంగారులో ప్యాంటులోనే మర్చిపోయా."

"పది రోజులు నాకు చెప్పాలనిపించలేదా?"

అతను సంచీలోంచి జారిన వంకాయని తీసి మళ్లీ లోపల పెట్టాడు. నిజమే చెబుతున్నాడనిపించింది సుగుణకి. పది రోజులు ఇది దాచినవాడు ఇంకేం దాచాడో అని కూడా అనిపించింది. రెండోది పైకి అనలేదు.

"ఈ గుడ్డకి సాంబ్రాణి ఎలా వచ్చింది?"

"సాంబ్రాణేంటి? కొక్కెం వెనకున్న మడ్డి తుడిచానంతే."

"వాసన చూడండి." గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె మళ్లీ ఆనించి అతని ముక్కు దగ్గర పెట్టింది. తర్వాత చెయ్యి పట్టుకుని దేవుడి అర దగ్గరికి లాక్కెళ్లింది. "ఆ లక్ష్మీదేవి పటం అద్దం ముట్టుకోండి. దీపం వైపు బంక, ఇటువైపు గాజులాగే నున్నగా ఉంటుంది. రెండూ సాంబ్రాణి పొగే. నూనెకి పోదు, సబ్బుకి పోదు. కరోనాలో కొన్న స్పిరిట్‌తోనే తుడుస్తున్నా. మీ తుపాకీ ఎక్కడుంటుంది వాళ్లింట్లో?"

అడుగుతుండగానే ఆమెకి గుర్తొచ్చింది. పండక్కి వెళ్లినప్పుడు చూసింది. మగవాళ్లు కూర్చునే హాల్లో గోడకి తగిలించి ఉంది. ఖాళీదని వచ్చినవాళ్లందరికీ తెలిసేలా దాని బోల్ట్ వెనక్కి లాగి తెరిచే ఉంచుతారు. సరిగ్గా దాని కిందే గూట్లో ధూపం కుంపటి. హిలాల్ తల్లి ప్రతి సాయంత్రం అక్కడ మన సాంబ్రాణి లాంటి లుబాన్ వేస్తుందని కోడలు చెప్పింది. హిలాల్ నాన్న ఉన్నప్పుడు ఆయన బట్టలకి పట్టేదట, ఆయన పోయిన ఈ మూడేళ్లూ ఆయన తుపాకీకి పడుతోంది.

రామ్మోహన్ అద్దం మీద వేలు తీయకుండా నిలబడిపోయాడు. "తూటా కూర్చునే గది గోడలకి పట్టేసిందన్నమాట. చల్లగా ఉంటే గాజులా మెరుస్తుంది, నేను ఉక్కే అనుకున్నా. ఒకటి పేలగానే వేడికి బంకవుతుంది. రెండోదాన్ని పట్టేసుకుంటుంది. షాపులో నేను పేల్చను కదా." బంకని వేళ్ల మధ్య నలుపుతూ, "గొట్టం తోమే బ్రష్షు ఆ గదికి సన్నం, గోడలకి తగలనే తగలదు. మ్యాగజైన్‌లో తూటాల్ని పైకి తోసే రేకుకీ ఇదే పట్టుంటుంది, అందుకే అది సమయానికి లేవట్లేదు" అన్నాడు.

"అయితే ఈ కొక్కెం అరగలేదా?"

"అరిగిందనుకున్నా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

నాలుగింటికి సుగుణ కూడా వెళ్లింది. వద్దన్నా వినలేదు. కారులో ఒకటే మాట చెప్పింది. "ముందు అది టేబుల్ మీద పెట్టండి. తర్వాతే సాంబ్రాణి సంగతి."

హిలాల్ ఆమెకి కుర్చీ చూపించి కహ్వా కాఫీ పోయించాడు. రామ్మోహన్ టేబుల్ మీద పెట్టిన కొక్కేన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. "స్క్రాప్‌లోంచి నడిచొచ్చిందా?" అన్నాడు ఉర్దూలో.

"నా జేబులో ఉంది. అబద్ధం చెప్పాను."

"పది రోజులు."

"పది రోజులు."

లేత్ దగ్గరున్న ఖాదర్‌వలి తల ఎత్తలేదు, మిషన్ మాత్రం ఆపేశాడు. తుపాకీ ఖాళీగా ఉందని హిలాల్ స్వయంగా చూసుకుని ముందుకి తోశాడు. రామ్మోహన్ లావుపాటి కర్రకి గుడ్డ చుట్టి, స్పిరిట్‌లో తడిపి లోపల తిప్పాడు. మొదటి గుడ్డ బెల్లం పాకంలా వచ్చింది. హిలాల్ దాన్ని లాక్కుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. అతని మొహంలో కోపం పోలేదు గానీ, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియనట్టు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"మీ అమ్మగారికి చెప్పకండి" అంది సుగుణ.

పదకొండో గుడ్డ తెల్లగా వచ్చాక, హిలాల్ మ్యాగజైన్ కూడా కడిగించి, "ఇప్పుడే వెళ్దాం" అన్నాడు.

కొండ కింద మగవాళ్లు ముందుకి నడిచారు. సుగుణ కారులోనే కూర్చుంది. ఒకటి పేలింది. ఆమె వేళ్లు సీటు అంచుని పట్టుకున్నాయి. పరీక్షలు, సామాన్లు, టికెట్లు అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. రెండోది పేలింది. మూడు. నాలుగు. ఐదు.

తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఏమైందో తెలియక తలుపు తీసింది. అక్కడ రామ్మోహన్ మోకాళ్ల మీద కూర్చుని, తను చేసిన కొత్త కొక్కెం ఊడదీసి పాతది బిగిస్తున్నాడు. హిలాల్ పక్కనే నిలబడి అతని రెండు చేతుల్నీ చూస్తున్నాడు. మళ్లీ ఐదు పేలాయి. పాత కొక్కెంతోనూ ఐదు ఖాళీలూ పక్కన పరిచిన చాప మీద వరసగా పడ్డాయి. మార్చాల్సిన అవసరమే లేని ముక్క అది.

హిలాల్ కారు దగ్గరికొచ్చి, వర్క్‌షాపు నుంచి వెంట తెచ్చిన కాగితాల్ని బానెట్ మీద పరిచి మూడింటి మీదా సంతకం పెట్టాడు. సుగుణ చేతికే ఇచ్చాడు.

"తుపాకీ ఎందుకు ఆగిందో దొరికింది సిస్టర్. ఇతను అబద్ధం ఎందుకు చెప్పాడో నాకింకా దొరకలేదు."

భయం అని చెప్పబోయింది. కానీ అది అతను తనకి చెప్పినది, నిజంగా అంతేనా? "నాకూ దొరకలేదు" అంది.

ఆదివారం వర్క్‌షాపు కౌంటర్ మీద ఒక గాజు సీసా వెలిసింది. ఏ తుపాకీలోంచి ఏ పాత ముక్క తీసినా అందులోనే పడాలి. "బతుకంతా ఊరగాయ సీసా అయిపాయె వదినా" అని ఖాదర్‌వలి ఫోన్‌లో నవ్వాడు. సుగుణ కూడా నవ్వింది.

ఆ సాయంత్రం రామ్మోహన్ వచ్చాడు. బూట్లు విప్పాడు. టీ గ్లాసు అందుకోకముందే, ఎవరూ అడగకుండానే, రెండు జేబుల్నీ లోపలి గుడ్డ బయటికి వచ్చేదాకా లాగి చూపించాడు. వద్దండీ అనాలని సుగుణ నోటిదాకా వచ్చింది.

చూసుకున్నాకే గ్లాసు ఇచ్చింది.