వంటచెరకు కింద రాసిన అచ్చులు

సుబ్బారావు గారు అద్దకం షెడ్డు మూసేస్తున్నారన్న మాట చెవిన పడేసరికి జలాలుద్దీన్ దుప్పటి అంచుకి మామిడిపిందె అచ్చు వేస్తున్నాడు. చెయ్యి ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా బందరులో ఆ షెడ్డుకి అతనే మేస్త్రీ, పక్కన పిడుగు పడినా అచ్చు నూలుపోగంత జరగనివ్వడు.

సంగతేమిటంటే, యాభై ఏడులో ఢిల్లీ వాళ్ళు పెద్ద ఆస్తిపరుల మీద కొత్తగా సంపద పన్ను వేశారు. సుబ్బారావు గారికి గుడివాడలో రైసు మిల్లు, బందరులో నాలుగు మేడలు, ఈ షెడ్డు ఉన్నాయి. ఆయన అందర్నీ పిలిచి మెత్తగానే చెప్పారు. ఇలా పీకుతుంటే వ్యాపారం ఎవడు చేస్తాడు, శనివారంతో పని సరి, అడగాలనుంటే ఢిల్లీని అడగండి అని. అందరూ నమ్మారు. జలాలుద్దీన్ అయితే ఆయన మీద జాలి కూడా పడ్డాడు.

అద్దిన బట్ట కాలవలో జాడించే మాణిక్యం ఒక్కతే నమ్మలేదు.

"పన్ను పడింది ఆయనకి. పళ్ళూడేది మనకా?" అంది.

నవ్వారు. నవ్వి, మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఎనిమిది కుటుంబాలు మరి.

ఆ రోజు ఇంటికెళ్ళాక భార్య జోహ్రా అడిగింది, మీ పని మీరే పెట్టుకోకూడదా అని. జలాలుద్దీన్‌కీ ఆ ఆలోచన రాకపోలేదు. పనితనం చేతుల్లో ఉంది. కాలవ నీళ్ళు ఎవరి సొత్తూ కాదు. రంగు కాచే కాగులు అద్దెకి దొరుకుతాయి. లేనివల్లా అచ్చులే. మూడు తరాల వాళ్ళు టేకు చెక్కలో చెక్కిన పన్నెండు వందల అచ్చులు షెడ్డు వెనక గదిలో ఉన్నాయి, అన్నీ సుబ్బారావు గారివే. ఒక పెద్ద పువ్వు చెక్కాలంటే పది రోజులు పడుతుంది. అవి లేకపోతే ఎంత మేస్త్రీ అయినా రోజు కూలీకి పోవాల్సిందే.

మర్నాడు వెళ్ళి ఆ అచ్చులు అమ్మమని అడిగాడు. మద్రాసు షావుకారు ముప్పై వేలంటున్నాడు సాయిబూ, నువ్వూ అంతే తెచ్చుకో అన్నారాయన. జలాలుద్దీన్ తల వంచుకుని వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున్నే బెజవాడ నుంచి పన్ను ఆఫీసరు దిగాడు. సుబ్బారావు గారు రాసిచ్చిన ఆస్తుల జాబితా సరిచూడటానికి వచ్చాడాయన. బల్లలు, కాగులు, బట్ట తానులు ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక గది దాకా వచ్చాడు. ఇవేమిటన్నాడు.

"పాత కట్టెలండీ. వంటచెరకు. రెండు బండ్లుంటాయేమో," అన్నారు సుబ్బారావు గారు, చీమ కుట్టినట్టయినా లేకుండా.

ఆఫీసరు జాబితా చూసుకున్నాడు. అందులోనూ అదే ఉంది. టిక్కు పెట్టాడు.

జలాలుద్దీన్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. తన తాత చెక్కిన అచ్చుల్ని కట్టెలంటుంటే ముందు ఒళ్ళు మండింది. మరుక్షణం ఇంకేదో తట్టింది. కాగుల కింద మంట పెట్టే దేవదానాన్ని పక్కకి లాగి, బండి కట్టెలు ఎంతకి తెస్తున్నావని అడిగాడు. దేవదానానికి ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా తెలుసు. బండి పద్దెనిమిది రూపాయలు.

జలాలుద్దీన్ లోపలికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ రెండు బండ్ల వంటచెరకూ నేను కొంటానండీ. బజారు ధర మీద ఇంకో నాలుగు రూపాయలు వేసి నలభై ఇస్తాను."

సుబ్బారావు గారి మొహం మాడిపోయింది. అవి అమ్మకానికి లేవన్నారు. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"షెడ్డు మూసేస్తున్నామన్నారుగా, ఎల్లుండి నుంచి కాగులే వెలిగించనప్పుడు కట్టెలు మీకెందుకండీ? కట్టెలు కాకపోతే చెప్పండి, అసలు ధర వేసి జాబితా మార్చి రాస్తాను. అప్పుడు మిగతావీ మళ్ళీ మొదట్నుంచి చూడాల్సొస్తుంది."

సుబ్బారావు గారు ఆఫీసర్నీ చూశారు, మేస్త్రీనీ చూశారు. ఒకసారి పొడిదగ్గు దగ్గారు.

"పట్టుకుపో సాయిబూ."

పనివాళ్ళంతా కొంగుముళ్ళూ రొంటిముళ్ళూ విప్పి నలభై పోగేశారు. ఆఫీసరు ఎదుటే రసీదు రాయించుకున్నారు. ఆ సాయంత్రం రెండు బండ్లూ కాలవగట్టు మీదుగా వెళ్తుంటే ఒక్క అచ్చు కింద పడకుండా ఇరవై ఎనిమిది మందీ అటూ ఇటూ కాపు కాశారు.

తాటాకు పందిరి వేసి పని మొదలుపెట్టారు. మొదటి నాలుగు నెలలూ ముక్కిన బియ్యమే. తర్వాత తర్వాత తెలిసింది, షెడ్డుకి రెండేళ్ళుగా పై ఊళ్ళ బేరాలు తగ్గుతున్నాయనీ, ఎలాగూ మూసేద్దామనుకుంటున్న సుబ్బారావు గారికి పన్ను ఒక వంకగా దొరికిందనీ. ఆ బేరాల కోసం జలాలుద్దీన్ దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని తనే రైలెక్కాడు. సుబ్బారావు గారు పన్ను కట్టారు. ఏమీ చితికిపోలేదు. మరుసటేడు గుడివాడలో రెండో మిల్లు కూడా పెట్టారు.

ఏడాది తిరిగేసరికి పందిరి కింద నలభై ఒక్క మంది పనిచేస్తున్నారు. ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక వర్తకుడొచ్చి రెండు వేల దుప్పట్లు కావాలన్నాడు.

"ఎప్పటికిస్తారు షావుకారు గారూ?" అని అడిగాడు.

షావుకారెవరా అని జలాలుద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు.

"మిమ్మల్నేనండీ మేస్త్రీ గారూ," అంది మాణిక్యం, తడి దుప్పటి పిండుతూ. "ఇంకో పదిమందిని పెట్టుకుంటే శివరాత్రికి ఇచ్చేస్తామని చెప్పండి."