ముసలాయన అనని ఆమెన్

కొడుకు దయానంద్ ప్రార్థన మొదలుపెడితే దేవుడికి కూడా నడుం నొప్పి పుడుతుందని మునిరత్నం అనుకునేవాడు. పగలంతా అతను తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటరు వెనక నిలబడి వచ్చిపోయే వాళ్లందరికీ తల ఊపేవాడు. యజమాని ఎదురుపడితే గొంతు పెగిలేది కాదు. రాత్రి అన్నాలు తిని చాప పరిచేసరికి మాత్రం ఆ గొంతుకు ఎక్కడలేని బలం వచ్చేది. చర్చి సంఘంలో అతన్ని పెద్దగా పెట్టుకున్నాక మరీనూ. అంతకుముందు 'దేవుడా, అందర్నీ సల్లగా సూడు' అని పడుకున్న మనిషే, ఇప్పుడు 'కృపాసత్య సంపూర్ణుడవైన తండ్రీ' అంటూ పక్కవీధి దాకా లాగేవాడు. అదీ కిటికీ తెరిచిపెట్టి.

లాగినా పోనీలే అనుకోవచ్చు. ముసలాయనకు గిట్టనిది వేరే. ఎదురుగా అనలేని మాటలన్నీ దయానంద్ ప్రార్థనలో అనేవాడు. భార్య జెస్సీ పప్పులో ఉప్పు మరిచిన రోజు, ఈ ఇంటి ఇల్లాలికి మెలకువ దయచేయమని అడిగేవాడు. తండ్రి అరుగు మీద బీడీ కాల్చిన రోజు, కాటికి పోయేలోపైనా చెడు అలవాటు మాన్పించమని అడిగేవాడు. పొయ్యి దగ్గర అంటే జెస్సీ నాలుగు మాటలు తిరిగి అనేది. చాప మీద ఏమంటుంది? కళ్లు మూసుకున్నవాళ్లు ఎదురు చెప్పకూడదు కదా. పైగా చివర ఆమెన్ అనాలి. తనను తిట్టిన తిట్టుకు తానే ఒప్పుకోవాలన్నమాట.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది. ప్రార్థన ఎవరు చేసినా మొదటి ఆమెన్ ఇంటి పెద్ద మునిరత్నందే. ఆయన అన్నాక మిగతావాళ్లు అంటారు. అప్పుడే చాప చుట్టి లైటు ఆర్పుతారు. మునిరత్నం భార్య గురవమ్మ బతికుండగా పెట్టింది ఇది. మొగుడు ప్రార్థనలో కునుకు తీస్తున్నాడని పెట్టింది.

ఆ రోజు మనవరాలు స్టెల్లాకు శ్రీసిటీలో ఫోన్ల సామాన్లు చేసే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు ఏర్పేడు కూడలికి వస్తుంది. ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. సాయంత్రం స్టెల్లా ఈ సంగతి చెప్పి పోయేదా అని అడిగితే, దయానంద్ చెప్పులు విప్పుతూ చూద్దాంలే అన్నాడు. అన్నం దగ్గర మళ్లీ అడిగితే చారు పోయమన్నాడు. బిడ్డ మొహం చూసి వద్దనే ధైర్యం లేదు, సరేననే మనసూ లేదు. సంఘ పెద్ద కూతురు కంపెనీ ప్యాంటు, టోపీ వేసుకుని కూడలిలో నిలబడితే పదిమంది ఏమనుకుంటారో అన్నదే అతని దిగులు. ఆ పదిమందిలో సగం మంది పిల్లలు అదే బస్సు ఎక్కుతారన్నది వేరే సంగతి.

పాట అయింది, వాక్యం అయింది. దయానంద్ కళ్లు మూసుకుని దేశాన్నీ సంఘాన్నీ వీధినీ దీవించి, మెల్లగా సొంత ఇంట్లోకి దిగాడు.

"తండ్రీ, ఈ గృహములోని నీ కుమార్తె లోకాశలకు లోనైయున్నది. ఆమె పాదములను గడప దాటనీయకుము. ఇంటిపట్టున ఉండే బుద్ధి దయచేయుము. వేడుకొనుచున్నాము తండ్రీ."

అని ఆగాడు.

మునిరత్నం నోరు మెదపలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. స్టెల్లా చున్నీ కొస నోట్లో కుక్కుకుని ఉంది. చెంపలు తడిసిపోయాయి.

ముసలాయన కునికాడేమోనని దయానంద్ 'వేడుకొనుచున్నాము' అని ఇంకాస్త గట్టిగా అన్నాడు. దగ్గాడు. మరిచిపోయిన రోగుల్నీ ప్రయాణికుల్నీ కలుపుకుని ఇంకో చుట్టు తిరిగొచ్చి అక్కడే ఆగాడు. ఆమెన్ రాలేదు.

"నాయనా, నిద్రపోయినావా?"

"మేలుకోనే ఉండా," అన్నాడు మునిరత్నం. "నువ్వు దేవుడితో యాడ మాట్లాడినావురా? స్టెల్లాతో మాట్లాడినావు. ఆయమ్మి ఇంకా బదులు చెప్పలా. చెప్పినాక అంటా."

"ప్రార్థనలో బదులేంది నాయనా?"

"అట్లయితే కండ్లు తెరిచి, బిడ్డ మొగం సూసి చెప్పు, పోవద్దని. దానికీ ఆమెన్ అంటా."

దయానంద్ కళ్లు తెరవలేదు. సంఘంలో మైకు ముందు ఉరిమే మనిషి, కన్నబిడ్డను చూడమంటే రెప్పలు ఇంకా బిగించుకున్నాడు. వీధికి వినబడుతుందేమోనని చెయ్యి మాత్రం కిటికీ వైపు చూపించాడు. మూయమని. జెస్సీ కదల్లేదు.

స్టెల్లా చున్నీ కొస తీసి చేతులు జోడించింది.

"దేవుడా, నేనేం తప్పు పనికి పోవడం లేదు, కూలికి పోయినట్టే పోతా ఉండా. రేపు బస్సెక్కుతా. సాయంత్రానికి ఇంటికొస్తా. మా నాయన నాతో చెప్పాల్సింది నాతోనే చెప్పేటట్టు చెయ్యి. అంతే."

"ఆమెన్," అన్నాడు మునిరత్నం, పక్కవీధి దాకా.

కట్టుబాటు తప్పి జెస్సీ అంతకు ముందే అనేసింది.

స్టెల్లా కొత్త బూట్లు తెచ్చి గడప అవతల పెట్టుకుంది. చాప చుట్టాలంటే దయానంద్ లేవాలి. అతను ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. జెస్సీ చాప అతనికే వదిలేసి లైటు ఆర్పింది.